వ్యాపార అతిథులను సొంత బోటులో తీసుకెళ్లే ముందు: చట్టం, బీమా పనులు ఎలా పూర్తి చేసుకోవాలి

సొంత బోటు ఉన్నవారు ఇంటివాళ్లతో నీటి మీద తిరిగినంతకాలం కాగితాల సంగతి పెద్దగా పైకి రాదు. అదే బోటులో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి కొనడానికి వచ్చిన వ్యాపారినో, గ్రానైటు బ్లాకులు చూడటానికి కరీంనగర్ వచ్చిన కొనుగోలుదారునో, ఒక బ్యాంకు అధికారినో ఎక్కించుకున్న రోజున మాత్రం బీమా కంపెనీ ముందు కొత్త ప్రశ్న నిలుస్తుంది. ఇది విహారమా, వ్యాపారమా? ప్రమాదం జరిగిన తరువాత దీనికి జవాబు వెతికితే అది యజమానికి అనుకూలంగా తేలడం కష్టం. అందువల్ల ఆహ్వానం పంపక ముందే బీమా కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోవడాన్ని ఈ వ్యాసం అన్నిటికంటే ముఖ్యమైన పనిగా చూస్తుంది. మిగిలిన పనుల్లో కొన్ని దానికి ముందు, కొన్ని దాని తరువాత చేయవలసినవి.

ప్రయాణం ఏ రకమో ముందు తేల్చుకోండి

అతిథి నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోకుండా, మర్యాద కోసం బోటు ఎక్కించుకోవడం ఒక రకం. డీజిలు ఖర్చులో వాటా తీసుకోవడం, మీ కంపెనీ నుంచి మీకే బోటు అద్దె చెల్లించుకోవడం, లేదా ఒక సదస్సు రుసుములో బోటు షికారును కలపడం వేరే రకం. ఈ తేడా చట్టంలో చాలా చోట్ల కనిపిస్తుంది. భారతీయ న్యాయ సంహిత 284వ సెక్షన్ సురక్షితం కాని బోటులో గానీ, పరిమితికి మించిన బరువుతో గానీ మనుషులను కిరాయికి తీసుకెళ్లడాన్ని నేరంగా చెబుతుంది. ఇక్కడ ‘కిరాయి’ అన్నదే కీలకం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఉచితంగా చేసే సేవను ‘సేవ’ నిర్వచనం నుంచి మినహాయించింది, కాబట్టి డబ్బు చేతులు మారిన క్షణం నుంచి మీ మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి తెరుచుకుంటుంది. బీమా పాలసీలు కూడా సొంత విహారాన్ని, కిరాయి వాడకాన్ని వేరువేరుగానే చూస్తాయి.

ఉచితంగా తీసుకెళ్లితే బాధ్యత ఉండదని మాత్రం అనుకోకండి. బోటును నిర్లక్ష్యంగా నడిపి మనుషుల ప్రాణాలకు అపాయం కలిగిస్తే అదే న్యాయ సంహితలోని 282వ సెక్షన్, నిర్లక్ష్యం వల్ల ఎవరైనా చనిపోతే 106వ సెక్షన్ వర్తిస్తాయి. రెండోదాని కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఈ రెండింటికీ కిరాయితో సంబంధం లేదు. చనిపోయిన వ్యక్తి కుటుంబం 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద సివిల్ కోర్టులో నష్టపరిహారం కూడా కోరవచ్చు.

బోటు మీ పేరు మీద ఉండి అతిథులు మీ కంపెనీ వారైతే మరో చిక్కు వస్తుంది. ప్రమాదం జరిగితే బాధితులు మీ మీద, కంపెనీ మీద కలిపి దావా వేస్తారు, కానీ పాలసీలో మీ పేరు ఒక్కటే ఉంటుంది. అందుకని కంపెనీ పేరును కూడా పాలసీలో బీమా రక్షణ పొందేవారిగా చేర్పించండి. డైరెక్టరు తన బోటును తన కంపెనీకే అద్దెకిచ్చే పద్ధతి మీద నాకు అంత నమ్మకం లేదు: కంపెనీల చట్టం, 2013లోని 188వ సెక్షన్ కింద అది సంబంధిత పక్షంతో చేసే లావాదేవీ అవుతుంది, పైగా ఒక్క అద్దె రసీదు మీ విహార బోటును కిరాయి బోటుగా మార్చేయగలదు.

నీటి మీద అనుమతి

ఉత్తర తెలంగాణలో బోటు తిప్పగల నీళ్లన్నీ దాదాపుగా ప్రభుత్వ జలాశయాలే. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలోని లక్నవరంలోనూ, కరీంనగర్ దిగువ మానేరులోనూ పర్యాటక సంస్థ బోట్లు తిరుగుతాయి. అక్కడ టూరిస్టు బోట్లు తిరుగుతున్నాయి కాబట్టి మనదీ దించవచ్చనే వాదన చెల్లదు. నీటిపారుదల శాఖ కార్యనిర్వాహక ఇంజనీరుకు దరఖాస్తు పెట్టి, తేదీ, సమయం, బోటు వివరాలు, ఎక్కే మనుషుల సంఖ్య స్పష్టంగా రాసి, రాతపూర్వక అనుమతి తీసుకోండి. పాకాల చెరువు వన్యప్రాణి అభయారణ్యం పరిధిలో ఉంది. అక్కడికి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళితే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 అడ్డొస్తుంది. ధర్మసాగర్ నీళ్లు వరంగల్ నగరానికి తాగునీరుగా వెళతాయి. అలాంటి చోట ఇంజను నూనె ఒలికితే అది పెద్ద వివాదమవుతుంది కాబట్టి అతిథుల కోసం ఆ చెరువును ఎంచుకోకపోవడమే మంచిది.

చాలామంది మరిచిపోయే హక్కుదారులు ఇంకొకరున్నారు. చెరువుల్లో, జలాశయాల్లో చేపలు పట్టే హక్కు సాధారణంగా మత్స్య సహకార సంఘాలకు ఉంటుంది. వాళ్ల వలలు నీటి అడుగున, పైకి కనిపించకుండా పరుచుకుని ఉంటాయి. ప్రొపెల్లరు వలను చీలిస్తే నష్టపరిహారం మీరే కట్టాలి, థర్డ్ పార్టీ ఆస్తి నష్టం కింద బీమా కంపెనీ దాన్ని భరించాలంటే ఆ భాగం పాలసీలో ఉండాలి. ముందు రోజు సంఘం అధ్యక్షుడిని కలిసి, వలలు ఏ వైపు వేశారో అడిగి తెలుసుకుంటే సగం గొడవ తప్పుతుంది. ఆపద వస్తే మొదట సాయానికి వచ్చేది కూడా ఆ సంఘం సభ్యులే.

వానాకాలంలో ఈ ఆలోచనే పెట్టుకోకండి. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు వచ్చిన వరద గేట్ల పైనుంచి పొర్లింది. పైనుంచి ఎప్పుడు నీళ్లు వదులుతారో, ఎంత వదులుతారో ప్రాజెక్టు కంట్రోల్ రూమును అడగకుండా గోదావరి మీదికి, దాని ఉపనదుల మీదికి వెళ్లకూడదు. 2019 సెప్టెంబరు 15న ఆంధ్రప్రదేశ్‌లోని కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన పర్యాటక బోటులో మన కడిపికొండ నుంచి వెళ్లినవారు కూడా ఉన్నారు, వారిలో కొందరే బతికి బయటపడ్డారు. నది ఉద్ధృతంగా పారుతున్న రోజుల్లో జరిగిన ప్రయాణం అది. వరద హెచ్చరిక ఉన్న రోజున బయలుదేరడం నిర్లక్ష్యానికి రుజువుగా కోర్టులో నిలుస్తుంది.

బోటు కాగితాలు

1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన అంతర్గత నౌకల చట్టం, 2021 ఇంజనుతో నడిచే బోట్లకు సర్వే ధ్రువపత్రం (బోటును తనిఖీ చేసి ఇచ్చే పత్రం), రిజిస్ట్రేషన్, నడిపేవారికి యోగ్యతా పత్రం, బీమా ఉండాలని చెబుతోంది. వినోదానికి వాడే చిన్న బోటుకు ఇవన్నీ ఎందుకని మీకు బోటు అమ్మినవారు అనవచ్చు, కానీ రేపు నష్టాన్ని అంచనా వేయడానికి వచ్చే బీమా సర్వేయర్ అడిగే మొదటి నాలుగు కాగితాలు ఇవే. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బోటు కొని తెచ్చుకుంటే ఆ రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుంది, ప్రతి రాష్ట్రంలో మళ్లీ చేయించనక్కర్లేదు. అయితే యజమాని పేరు మార్పు మాత్రం చేయించాలి. జలాశయం అనుమతి వేరే విషయం.

సర్వే పత్రంలో ఎంతమంది ఎక్కవచ్చో రాసి ఉంటుంది. ఆ సంఖ్యలో డ్రైవరు, సహాయకుడు, వడ్డించే కుర్రాడు కూడా లెక్కకు వస్తారా లేదా అన్నది పత్రం చదివి తెలుసుకోండి. చేపల వేటకు కట్టిన బోటుకు పైకప్పు వేసి, కుర్చీలు బిగించి అతిథులను ఎక్కించే ఆలోచన ఉంటే మానుకోండి. 2023 మే 7న కేరళలోని తానూరులో మునిగి 22 మందిని బలిగొన్న బోటు అలా మార్చినదే.

రోడ్డు మీద ట్రెయిలరుతో బోటును లాక్కెళ్లేటప్పుడు ఆ ప్రయాణం బోటు పాలసీలో ఉందో లేదో, లాగే వాహనం బీమా కంపెనీకి ట్రెయిలరు సంగతి తెలుసో లేదో చూసుకోండి.

బీమా: ఇక్కడ తొందరపడకండి

ముందు పాలసీ షెడ్యూల్ (మీ బీమా వివరాలున్న పేజీ) తీసి నాలుగు చోట్ల పెన్సిలుతో గీత గీయండి: వాడకం ఏ రకమని రాశారు, ఏ నీళ్లలో తిరగవచ్చని రాశారు, ఎవరు నడపాలని రాశారు, ఎంతమంది ఎక్కవచ్చని రాశారు. మీ ప్రయాణం ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికి భిన్నంగా ఉన్నా క్లెయిమ్ అక్కడే ఆగిపోవచ్చు. సముద్ర బీమా చట్టం, 1963 ప్రకారం పాలసీలో వారంటీగా, అంటే తప్పక పాటిస్తామని ఇచ్చిన మాటగా, రాసిన షరతును అక్షరాలా పాటించాలి. ఆ షరతు ప్రమాదానికి కారణమా కాదా అన్నది అక్కడ ప్రధానం కాదు. బోటు పాలసీల పదజాలం చాలావరకు ఆ సంప్రదాయం నుంచే వచ్చింది. దిగువ మానేరు అని రాసి ఉన్న పాలసీతో లక్నవరం వెళ్లకూడదన్నది ఇందువల్లే.

తరువాత బీమా కంపెనీకి ఒక లేఖ రాయండి. ఈ విధంగా రాస్తే సరిపోతుంది:

‘మా బోటును (రిజిస్ట్రేషన్ సంఖ్య, పాలసీ సంఖ్య) ఫలానా తేదీన ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు ఫలానా జలాశయంలో, మా సంస్థ ఆహ్వానించిన ఆరుగురు వ్యాపార అతిథులను తీసుకెళ్లడానికి వాడదలచాము. అతిథుల నుంచి ఏ రూపంలోనూ డబ్బు తీసుకోము. బోటును నడిపే వ్యక్తి యోగ్యతా పత్రం నకలు జతపరిచాము. ఈ వాడకం పాలసీ పరిధిలోకి వస్తుందా, అతిథుల మరణానికి, గాయాలకు, వారి ఆస్తి నష్టానికి యజమాని, సంస్థ చెల్లించవలసి వచ్చే పరిహారం పాలసీలో ఉందా, ఉంటే ఒక ప్రమాదానికి గరిష్ఠంగా ఎంత అన్నది రాతపూర్వకంగా తెలియజేయగలరు. పరిధిలోకి రాకపోతే అవసరమైన ఎండార్స్‌మెంట్‌కు (పాలసీకి చేర్చే సవరణ పత్రానికి) ఎంత ప్రీమియం చెల్లించాలో తెలుపగలరు.’

ఈ లేఖలో ‘వ్యాపార అతిథులు’ అన్న మాటను దాచి ‘స్నేహితులు’ అని రాయాలనిపించవచ్చు. అలా రాయకండి. బీమా ఒప్పందం సద్విశ్వాసం మీద నిలబడుతుంది, ప్రీమియం నిర్ణయాన్ని ప్రభావితం చేసే విషయాన్ని దాచిపెడితే కంపెనీ పాలసీనే రద్దు చేయగలదు. జవాబు కూడా ఏజెంటు వాట్సాప్‌లో పంపిన, బొటనవేలు పైకెత్తిన బొమ్మ రూపంలో కాకుండా, కంపెనీ కార్యాలయం నుంచి లేఖగా గానీ, అధికారిక ఈమెయిలుగా గానీ రావాలి. హనుమకొండ, కరీంనగర్ శాఖల్లో బోటు పాలసీలు అరుదు కనుక ఫైలు హైదరాబాదుకు వెళ్లే అవకాశమే ఎక్కువ. మూడు నాలుగు వారాల ముందే మొదలుపెట్టండి. అదనపు ప్రీమియం కట్టకుండా ‘రేపు కడతాం, మీరు బయలుదేరండి’ అనే మాట నమ్మకండి. బీమా చట్టం, 1938లోని 64విబి సెక్షన్ ప్రకారం ప్రీమియం చేతికి అందకుండా కంపెనీ రిస్కును స్వీకరించకూడదు.

బోటు బాడీకి, ఇంజనుకు తీసుకున్న పాలసీ అతిథులకు పనికిరాదు. అతిథుల కోసం ప్రయాణికుల బాధ్యత కవరు ఉండాలి, అది ఎంత మొత్తానికి ఉండాలన్నదే అసలు చర్చ. మోటారు ప్రమాదాల్లో పరిహారం లెక్కించడానికి సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో స్థిరపరచిన పద్ధతిని చూడండి: చనిపోయిన వ్యక్తి ఏడాది ఆదాయం నుంచి సొంత ఖర్చులు తీసేసి, మిగిలినదాన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు. నలభై ఏళ్ల వ్యక్తికి గుణకం 15. ఏడాదికి ఇరవై లక్షలు సంపాదించే నలభై ఏళ్ల వ్యాపారి, ఆయన మీద ఆధారపడినవారు నలుగురు అనుకుంటే, నాలుగో వంతు తీసేయగా పదిహేను లక్షలు మిగులుతాయి. పదిహేనుతో హెచ్చిస్తే రెండు కోట్ల ఇరవై అయిదు లక్షలు. భవిష్యత్తులో పెరిగే ఆదాయాన్ని ఇంకా కలపనేలేదు. ఇతర ప్రమాదాల్లోనూ కోర్టులు ఈ గుణకం పద్ధతి వైపు చూస్తాయి. ఒక ప్రమాదానికి యాభై లక్షల పరిమితి ఉన్న పాలసీతో ఎనిమిది మందిని తీసుకెళితే తలకు ఆరు లక్షల చిల్లర వస్తుంది, మిగిలినది మీ మిల్లూ, మీ ప్లాటూ అమ్మి కట్టాలి. వ్యాపార అతిథులంటే సాధారణంగా ఎక్కువ సంపాదించేవారే కాబట్టి కవరు మొత్తాన్ని అతిథుల జాబితా చూసి నిర్ణయించండి, బోటు ధరను చూసి కాదు.

మీ సంస్థకు వాణిజ్య బాధ్యత పాలసీ ఇప్పటికే ఉంటే అది ఇక్కడ ఆదుకుంటుందని అనుకోవడం సహజం. ఆ తరహా పాలసీల్లో సొంత జలవాహనాల వల్ల కలిగే నష్టాన్ని మినహాయించడం మామూలు, మినహాయింపుల పేజీ ఒకసారి తిప్పండి. అతిథుల పేర్లతో ఆ రోజుకు వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోవడం మంచి పనే. తప్పెవరిదన్న చర్చ లేకుండా కుటుంబానికి డబ్బు అందుతుంది. అయితే అది మీ బాధ్యతను తీర్చేయదు, మద్యం మత్తులో ఉండగా జరిగిన ప్రమాదాన్ని చాలా పాలసీలు మినహాయిస్తాయి కూడా. డ్రైవరు, సహాయకుడు మీ ఉద్యోగులైతే వారి పరిహారానికి వేరే కవరు తీసుకోండి. వారు అతిథుల లెక్కలోకి రారు.

అతిథి ఎవరన్నది కూడా చూడాలి

ప్రభుత్వ ఉద్యోగిని, ప్రభుత్వ రంగ బ్యాంకు మేనేజరును, మీ బిల్లు పాస్ చేయవలసిన ఇంజనీరును బోటు షికారుకు పిలవడం నా దృష్టిలో అనవసరమైన సాహసం. అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించిన తరువాత అనుచిత ప్రయోజనం ఇచ్చినవారు కూడా నేరస్థులే, సంస్థ తరఫున ఇస్తే సంస్థకూ బాధ్యత ఉంటుంది. మామూలు భోజనాన్ని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు కానుకగా చూడవు, కానీ తమతో అధికారిక వ్యవహారాలున్న సంస్థల నుంచి ఆడంబరమైన ఆతిథ్యం స్వీకరించవద్దని చెబుతాయి. జలాశయంలో ఒక పూట బోటును ఎవరూ మామూలు భోజనం అనరు. మందుల కంపెనీల తరఫున డాక్టర్లకు ఆతిథ్యమివ్వదలిస్తే 2024లో వచ్చిన మందుల మార్కెటింగ్ నియమావళిని ముందు చదవండి.

పన్నుల సంగతి మీ ఆడిటరుకు వదిలేయవచ్చు, అయితే రెండు ప్రశ్నలు మాత్రం తప్పక అడగండి. వ్యాపార సంబంధంలో ఇచ్చే ప్రయోజనం విలువ ఏడాదికి ఇరవై వేల రూపాయలు దాటితే పది శాతం టీడీఎస్ (ముందుగానే మినహాయించి కట్టే పన్ను) కోయాలనే నియమం 2022 జులై 1 నుంచి ఉంది. ఈ షికారు దాని కిందికి వస్తుందా అన్నది మొదటిది. రెండోది జీఎస్టీ: కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం 17(5) సెక్షన్ బోటు కొనుగోలు, మరమ్మతు, బీమా, భోజనాల మీద కట్టిన పన్నును చాలా సందర్భాల్లో తిరిగి తీసుకోనివ్వదు.

ప్రయాణం రోజు

‘ఏం జరిగినా నాదే బాధ్యత’ అని అతిథి చేత సంతకం చేయించుకునే కాగితాన్ని చాలామంది కవచంలా భావిస్తారు. అది క్రిమినల్ కేసును ఆపలేదు, చనిపోయిన వ్యక్తి కుటుంబం వేసే దావాను కూడా ఆపలేదు. అలాంటి కాగితానికి బదులు, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో, ఎక్కడ కూర్చోవాలో, ఏం చేయకూడదో వివరించినట్లు తెలుగులోనూ, అతిథికి తెలిసిన భాషలోనూ ఒక పేజీ రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోండి. మీరు జాగ్రత్త తీసుకున్నారనడానికి అది సాక్ష్యం. ఈత రాదన్నవారిని, గుండె జబ్బు ఉన్నవారిని, మూర్ఛ వచ్చేవారిని అక్కడే అడిగి తెలుసుకోండి. జాకెట్లు సీట్ల కింద ఉంటే ఉపయోగం లేదు. గట్టు మీదే తొడిగించి, ఫొటో తీసి, తేదీ సమయం కనిపించేలా దాచండి.

మద్యం విషయంలో నా సలహా ఒక్కటే, బోటు మీద వద్దు. ఒడ్డుకు వచ్చాక పార్టీ పెట్టదలచుకుంటే ఎక్సైజ్ శాఖ నుంచి ఆ రోజుకు ఈవెంట్ పర్మిట్ తీసుకోండి, ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారికి పోయకండి, తిరుగు ప్రయాణానికి డ్రైవర్లను ఏర్పాటు చేయండి. రోడ్డు మీద వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరమని మోటారు వాహనాల చట్టం చెబుతోంది.

ఏదైనా జరిగితే

మొదట మనుషుల సంగతి: 108కి, 112కి ఫోను, గట్టు మీద ముందే మాట్లాడి ఉంచిన గజ ఈతగాళ్లకు కబురు. ఆ తరువాత పోలీసులకు సమాచారం, అదే రోజు బీమా కంపెనీకి ఈమెయిలు. బోటును సర్వేయర్ చూసేదాకా కదిలించకండి, మునిగిపోకుండా కాపాడుకోవడానికి కదిలించవలసి వస్తే ముందు వీడియో తీయండి. ఆసుపత్రి ఖర్చు మానవత్వంతో భరించడంలో తప్పు లేదు. కానీ ‘తప్పు మాదే, ఇంత ఇస్తాం’ అని రాసివ్వడం గానీ, పెద్దమనుషుల మధ్య కూర్చుని పరిహారం ఒప్పుకోవడం గానీ కంపెనీ రాతపూర్వక సమ్మతి లేకుండా చేయకండి. బాధ్యత పాలసీల్లో ఈ షరతు ఉంటుంది, మన దగ్గర పంచాయితీలో తగవు తీర్చుకునే అలవాటు వల్ల క్లెయిములు పోయేది ఇక్కడే.

క్లెయిమ్ తిరస్కరిస్తే ఆ లేఖలో ఏ షరతు సంఖ్య ఉదహరించారో చూసి, ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. పాలసీ మీ సొంత పేరు మీద ఉంటే తిరస్కరించిన ఏడాది లోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులను విచారించే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు, యాభై లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆయనకు ఉంది, రుసుము లేదు. పాలసీ పెద్ద కంపెనీ పేరు మీద ఉంటే ఆ దారి ఉండదు, వినియోగదారుల కమిషనో, సివిల్ కోర్టో ఎంచుకోవాలి. ఏ దారిలో వెళ్లినా ప్రయాణానికి ముందు బీమా కంపెనీ ఇచ్చిన జవాబు, జలాశయం అనుమతి, సర్వే పత్రం, అతిథుల సంతకాలున్న పేజీ అనే నాలుగు కాగితాల నకళ్లు ఫిర్యాదుకు జతపరచండి. వీటి అసలు ప్రతులను బోటులో కాకుండా ఇంట్లో గానీ, ఆఫీసులో గానీ ఉంచండి.